పడని బండి ఎవరిక్కావాలి?

నా బండి ఇంటికొచ్చిన రోజు మా బావమరిది దాని చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి, సైలెన్సర్ మీద గీతల్ని వేలితో తడిమి, "ఎవడి కర్మో తెచ్చి నెత్తిన పెట్టుకున్నావు బావా" అన్నాడు. అతనొక్కడే అంటే సరిపెట్టుకునేవాణ్ణి. స్టాఫ్‌రూములో తోటి మాస్టార్లు, ఎదురింటి రిటైర్డు తాసిల్దారు గారు, ఆఖరికి పాలబ్బాయి కూడా అదే మంత్రం చదివారు. మొదటి బండి కొత్తదే కొనాలి. కొనేటప్పుడు కాస్త పెద్దదే కొనాలి, మళ్లీ మళ్లీ కొంటామా. సెకండ్‌హ్యాండు అంటావా, అది తెలిసినవాళ్ల ఆట, చెయ్యి తిరగనివాడికి పనికిరాదు.

ఊళ్లో ఉద్యోగానికి వెళ్లొచ్చేవాడి విషయంలో ఈ మంత్రం పారుతుందేమో, నేను వాదించను. నాకు కావలసింది తారు మీదా మట్టి మీదా నడిచే బండి, డ్యూయల్ స్పోర్ట్ అంటారే, ఆ రకం. మాది అనకాపల్లి. నర్సీపట్నం దాటి లంబసింగి ఘాటెక్కితే చింతపల్లి, అక్కణ్ణుంచి సీలేరు వైపు ఎన్ని బాటలో. నలభై రెండేళ్లొచ్చేదాకా గేర్లు లేని స్కూటరు తప్ప ఎరగని నాలాంటివాడు ఆ బాటల కోసం బండి కొంటుంటే, పై సలహా ముక్క ముక్కకీ తప్పు.

ముందు ఆ "పెద్దది" సంగతి తేల్చుకుందాం. బీఎస్6 వచ్చాక రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 బరువు 199 కిలోలు. నేను కొన్న హీరో ఎక్స్‌పల్స్ 200 బరువు 160 కిలోల లోపు. తేడా నలభై కిలోలు, అంటే సిమెంటు బస్తాకి పది కిలోలు తక్కువ. తారు మీద నడుస్తున్నంతసేపూ ఆ బస్తా ఉన్నట్టే తెలీదు. ఎర్రమట్టి వాలులో, వాన వెలిసి గంటయ్యాక, బండి పక్కకి ఒరిగినప్పుడు తెలుస్తుంది. కాలు జారుతుంటుంది, హెల్మెట్ లోపల చెమట కళ్లలోకి కారుతుంటుంది, కేకేస్తే పలికే మనిషి ఉండడు. అప్పుడు బండికి వీపు ఆనించి, హ్యాండిల్ ఒక చేత్తో, వెనక కడ్డీ ఇంకో చేత్తో పట్టుకుని, కాళ్ల బలంతో లేపాలి. 160 కిలోల్ని నేను లేపాను, 58 కిలోల మనిషిని. ఇంకో నలభై వేస్తే లేపగలనో లేదో చూసుకోవాలన్న సరదా నాకు లేదు.

పవరు చాలదంటారు. ఎవరికి చాలదు? మన పల్లెల్లో అసలు సిసలు డ్యూయల్ స్పోర్ట్ టీవీఎస్ ఎక్సెల్. వంద సీసీ కూడా నిండని ఇంజనుతో గడ్డిమోపులు, ఎరువు బస్తాలు, పాలక్యాన్లు పొలం గట్ల మీద మోసుకు తిరుగుతోంది. దాన్నెవరూ అడ్వెంచర్ బండి అనరు. ఏజెన్సీలో సంత రోజున స్ప్లెండర్ మీద ముగ్గురు మనుషులూ ఓ కోడిపుంజూ ఘాటెక్కుతుంటారు. దాని ఇంజను 97 సీసీ. అల్యూమినియం పెట్టెలు బిగించిన నాలుగొందల సీసీ బండి మీద నగరం నుంచి దిగిన పెద్దమనిషి అదే వాగు ఒడ్డున ఆగి, లోతెంతుంటుందని వాళ్లనే అడుగుతుంటాడు. ఎక్స్‌పల్స్‌కి ముందు చక్రం 21 అంగుళాలు, నేలకీ ఇంజనుకీ మధ్య జాగా 220 మిల్లీమీటర్లు, శక్తి 18 హార్స్‌పవర్ అటూ ఇటూ. మట్టిలో కొత్తవాణ్ణి కాపాడేవి మొదటి రెండే. మూడోది ఎక్కువైనకొద్దీ ముప్పు ఎక్కువ.

ఈ "పెద్దది" పిచ్చి ఇప్పటిది కాదు. 2011లో ఇంపల్స్ అని 150 సీసీ బండి వచ్చింది. 134 కిలోలు, పొడుగు కాళ్లు, మట్టికి పుట్టినట్టుండేది. ఈ డబ్బుకి ఇంకా పెద్ద ఇంజను వస్తుంది కదా అని లెక్కలేసి మనవాళ్లు దాని మొహం చూడలేదు. కొన్నేళ్లకి ఆగిపోయింది. ఇప్పుడు అదే బండి కోసం వెతుక్కునేవాళ్లున్నారు. పోనివ్వండి.

కొత్తదానికి వారంటీ ఉంటుంది కదా, ఇది రెండో ముక్క. వారంటీ కాగితం ఎప్పుడైనా తీరిగ్గా చదివారా? అది తయారీ లోపానికి పూచీ. క్లచ్ ప్లేట్లు, బ్రేకు ప్యాడ్లు, చైను, కేబుళ్లు అరిగితే దానికి సంబంధం లేదు. పడితే అసలే లేదు. ఇక కొత్తవాడి చేతిలో పాడయ్యేవేమిటి? వాలులో సగం క్లచ్ పట్టుకుని ప్లేట్లు కాలుస్తాడు. నిలబెట్టిన బండి పడేసి లివర్లు విరగ్గొడతాడు, ఇండికేటర్లు పగలగొడతాడు, ఫుట్‌రెస్టు వంచుతాడు. అంటే అతనికి అవసరం పడే ప్రతిదీ వారంటీ గీతకి అవతలే ఉంది. దొరకని గొడుగు కోసం వేలకు వేలు ఎక్కువ పొయ్యమంటున్నారు.

ఇక కొత్త బండి విలువ ఎంత వేగంగా కరిగిపోతుందో ఇన్సూరెన్సు వాళ్ల పట్టికే చెబుతుంది. ఆర్నెల్లు దాటిన బండికి 15 శాతం కోత, ఏడాది దాటితే 20, రెండేళ్లు దాటితే 30, మూడేళ్లు దాటితే 40. నేను కొన్నది మూడేళ్లు దాటినది. ఆ నలభై శాతం నా ముందువాడు కట్టేశాడు, పుణ్యాత్ముడు. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బండ్లకి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది కదా, ఇక పాతదెందుకని ఈమధ్య కొత్త వాదం పుట్టింది. కొత్తదాని ధర దిగితే పాతదాని ధర పైన కూర్చుంటుందా? పైగా 350 దాటినవాటికి పన్ను 40 శాతమైంది. పెద్దది కొనమనేవాళ్లు ఈ మాట మింగేస్తారు.

డబ్బు లెక్క అలా ఉంచండి. నాకు అసలు అభ్యంతరం గీత భయం మీద. మా వీధిలో ఓ కుర్రాడు వాయిదాల మీద కొత్త బండి తీసుకున్నాడు. ఏడాదిన్నరలో దాని చక్రాలు తారు దిగలేదు. శీతాకాలం తెల్లవారుజామున లంబసింగి వెళతాడు, చెరువులవేనం దగ్గర మబ్బుల ముందు ఫొటో దిగుతాడు, కాఫీ తాగుతాడు, వచ్చేస్తాడు. పక్కనే మట్టిదారి పిలుస్తుంటే, "ఇంకా ఇరవై వాయిదాలున్నాయి మాస్టారూ" అంటాడు. తప్పు అతనిది కాదు. పడితే ఏమవుతుందోనని బిగుసుకుపోయిన చేతులతో మట్టిలో నడపడం ఎవరికీ రాదు. మట్టిలో బండి కింద కాస్త అటూ ఇటూ ఊగుతుంది, దాన్ని ఊగనివ్వాలి. హ్యాండిల్ బిగించి పట్టినవాడే ముందు పడతాడు. అప్పటికే పది గీతలున్న బండి మీద పదకొండో గీతకి గుండె ఆగదు.

నేను మొదటిసారి పడ్డప్పుడు క్లచ్ లివరు సగానికి విరిగింది. మిగిలిన మొండితో రెండు వేళ్లు పెట్టి నర్సీపట్నం దాకా వచ్చాను. అక్కడి మెకానిక్ బండిని చూసి, "ఇది పడ్డ బండే మాస్టారూ. పడని బండి కొనుంటే మీరే పడేసేవారు గదండీ" అని నవ్వి, కొత్త లివరు వేసి, దాని బోల్టు పూర్తిగా బిగించకుండా వదిలాడు. ఎందుకయ్యా అంటే, ఈసారి పడితే విరగదు, పక్కకి తిరుగుతుందన్నాడు. ఐదు పైసల ఖర్చులేని ఆ పాఠం ఏ షోరూములోనూ ఎవరూ చెప్పలేదు.

ఆ రోజే అతను ఇంజను కింద దుంగ పెట్టి, ముందు చక్రాన్ని గాల్లోకి లేపి, హ్యాండిల్‌ని మెల్లగా తిప్పమన్నాడు. సరిగ్గా నడిమధ్యకి రాగానే చిన్న గుంటలో పడ్డట్టు టక్కున ఆగింది. కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగు, పోయింది. నెల రోజులుగా బండి తిన్నగా పోవడం లేదని, అది నా చేతకానితనమని బాధపడుతున్నాను! తర్వాత స్పోకులు నేర్పాడు. చిన్న స్పానరుతో ఒక్కోదాన్నీ తడుతూ పోతే బిగువైనది ఖంగుమంటుంది, వదులైంది మొద్దుగా పలుకుతుంది. తంబురా శ్రుతి చూసుకోవడమే. రిమ్ముకి ఔటు ఉంటే చక్రం తిప్పి, సుద్దముక్క ఆనించి చూడటం కూడా అప్పుడే తెలిసింది. చైను విషయంలో మాత్రం అతనితోనే నాకు తగాదా. స్ప్లెండర్ల అలవాటు కొద్దీ బిగదీసేస్తాడు. ఈ రకం బండికి వెనక షాకాబ్సర్ బాగా కుంగుతుంది, కుంగినప్పుడు చైను బిగుసుకుంటుంది, ఆ లాగుడు గేరుబాక్సు బేరింగు మీద పడుతుంది. అందుకని పుస్తకంలో రాసినంత వదులు ఉండాల్సిందే. చివరికి నేనే స్కేలు పట్టుకుని కూర్చున్నాను. ఎయిర్ ఫిల్టర్, ఆయిలు కూడా అంతే. పుస్తకంలో రాసిన కిలోమీటర్లు తారు రోడ్డు లెక్క, దుమ్ములో జీపు వెనక పది కిలోమీటర్లు పోయినవాడికి ఆ లెక్క చెల్లదు.

కొత్త బండి ఇవేవీ అడగదు. మూడేళ్లు ముద్దుగా నడిచి, నాలుగో ఏట సీలేరు దారిలో సాయంత్రం ఐదింటికి ఒక్కసారే అడుగుతుంది.

ఎదుటివాళ్ల దగ్గర ఒక గట్టి మాట ఉంది, దాన్ని దాటవేయను. దాచిన లోపం సంగతేమిటి? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో వీధులకి వీధులు మునిగాయి, వాటితోపాటు లెక్కలేనన్ని బండ్లు. మునిగిన బండి కడిగితే మెరుస్తుంది. తెలియనివాడు మోసపోడా? చూడనివాడు మోసపోతాడు. సీటు తీసి వైరింగ్ క్లిప్పులు విప్పితే రాగి పచ్చగా చిలుమెక్కి ఉంటుంది. ట్యాంకు కింద, చెయ్యి దూరని మూలల్లో ఒండ్రు అంటుకుని ఉంటుంది. హెడ్‌లైట్ లోపల మచ్చలుంటాయి. ఆయిలు పాలు కలిపిన కాఫీలా ఉంటే మారు మాట్లాడకుండా వచ్చేయడమే. అమ్మేవాడికి ముందే ఫోను చేసి, నేను వచ్చేదాకా స్టార్టు చెయ్యొద్దని చెప్పాలి. వెళ్లగానే ఇంజను మీద చెయ్యి పెట్టాలి. వెచ్చగా ఉందంటే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు స్టార్టు కాదని అతనికి తెలుసు. మీటరు మీద నమ్మకం వద్దు, బ్రేకు పెడలూ ఫుట్‌రెస్టు రబ్బరూ ఎంత అరిగాయో చూడాలి. ఇందులో ఏది పదేళ్ల అనుభవం అడుగుతోంది? కళ్లూ వేళ్లూ చాలు. ధైర్యం చాలకపోతే మెకానిక్‌కి ఓ పూట కూలి ఇచ్చి వెంట తీసుకెళ్లొచ్చు.

నాకు భయమల్లా కాగితాల దగ్గరే, అక్కడ మా బావమరిది భయపడడు. ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించుకుని బీరువాలో పడేసేవాళ్లు ఎంతమంది! పేరు మారకపోతే యాక్సిడెంటు కేసు అమ్మినవాడి మెడకే చుట్టుకుంటుంది. రిజిస్టరులో పేరున్నవాడే యజమానని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. బండి మీద అప్పుంటే బ్యాంకు నుంచి ఫారం 35 రావాలి. హైదరాబాదులో చవగ్గా దొరికిందని అనకాపల్లి తెచ్చుకుంటే ఎన్‌ఓసీ కావాలి, లైఫ్ ట్యాక్సు ఇక్కడ మళ్లీ కట్టాలి. చవక అక్కడే ఆవిరైపోతుంది.

నా వాదానికి హద్దులున్నాయి. రోజూ హైవే మీద విశాఖ వెళ్లొచ్చేవాడు ఇది కొనకూడదు. తొంభై దాటితే ఇంజను గోల పెడుతుంది, లారీ గాలికి బండి తూలుతుంది. సీటు ఎత్తు 820 మిల్లీమీటర్ల పైమాటే; ఐదడుగుల నాలుగంగుళాల నాకు సిగ్నలు దగ్గర ఒక్క కాలే, అదీ మునివేళ్లే ఆనుతాయి. ట్యూబు చక్రాలు, పంచరు పడితే దారిపక్క కుర్రాడు 21 అంగుళాల ట్యూబు లేదంటాడు. అందుకే ముందు ట్యూబు ఒకటి సంచిలో ఉంచుకుంటాను, అవసరానికి మడిచి వెనక టైరులోనూ ఇరికించొచ్చు.

ఈ దసరాకి బండి అమ్మేద్దామనుకుంటున్నాను, ఇంకొంచెం తేలికైంది దొరికింది, అదీ పాతదే. మొన్న ఆదివారం నర్సీపట్నం నుంచి ఓ డిగ్రీ కుర్రాడు చూడ్డానికొచ్చాడు. ముందు ఇంజను మీద చెయ్యి పెట్టాడు. నాకు ముచ్చటేసింది. కోన్ సెట్ ఎప్పుడు మార్చిందీ, ఆయిలు ఎప్పుడు పోసిందీ రాసుకున్న నోటుపుస్తకం చేతికిచ్చాను. పేజీలు తిప్పి, "ఎన్నిసార్లు పడిందండీ?" అన్నాడు.

"నా దగ్గర పదకొండు. నా ముందువాడు పుస్తకం రాయలేదు."