శల్యసారథ్యము

ప్రక్కనే యుండి ధైర్యము చెరచువానిని చూచి మనవారు 'శల్యసారథ్యము' అందురు. భారతము చదువని వారికిని ఈ మాట తెలియును. ధర్మరాజునకిచ్చిన మాట చొప్పున శల్యుడు కర్ణుని రథముపై కూర్చుండి, అర్జునుని పొగడుచు, కర్ణుని తెగడుచు, అతని యుత్సాహమును చల్లార్చెను. ఇరువదియైదేండ్లకు పైగా ఈ కథను తరగతిలో చెప్పుచున్నాను. కాని యది ఆసుపత్రి వార్డులలో ప్రతిదినము జరుగు కథయని మొన్నమొన్నటి వరకు నాకు తోచలేదు.

ఇక్కడి కళాశాలలో నా వద్ద ఇంటర్మీడియెట్టు చదివిన ఒక అమ్మాయి నాలుగేండ్ల నర్సింగు చదువు ముగించి, ఒక ఆసుపత్రిలో ఉద్యోగమున చేరినది. చేరిన మూడవ నెలలో ఒక ఆదివారము మా యింటికి వచ్చి, అరుగుమీద కూర్చుండి, "మానేద్దామనుకుంటున్నానండీ, మాస్టారూ" అన్నది. పని కష్టమా యని అడిగితిని. "పని కష్టం కాదండి. చెయ్యనివ్వరు" అన్నది.

ఆమె వార్డులో ఒక దింపు కార్మికుడు ఉండెను. కొబ్బరిచెట్టు మీదినుండి జారిపడి, వెన్నెముక దెబ్బతిని, నడుము క్రింది భాగము చచ్చుబడినవాడు. కోనసీమకు ఇట్టి ప్రమాదములు క్రొత్త కావు. అట్టి రోగిని రెండు గంటలకొకసారి ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టవలెను. లేనియెడల ఒకేచోట ఒత్తిడి పడి, రక్తప్రసారము తగ్గి, చర్మము చీకి పుండు పడును. స్పర్శ పోయినందున నొప్పి యతనికి తెలియదు. పుండు లోతుకు దిగి చీము పట్టినచో ప్రాణమునకే ముప్పు. ఇది ఆమె చదివిన పాఠము. రాత్రి డ్యూటీలో ఆమె గడియారము చూచుకొని అతనిని త్రిప్పుచుండగా, తోడి సిస్టర్లలో పెద్దామె, "కొత్త కదా. ఆర్నెల్లాగు, నువ్వూ మాలాగే అయిపోతావు" అన్నదట. మరియొకామె, "నువ్విలా చేసి చూపిస్తే రేపు మమ్మల్నీ చెయ్యమంటారు" అన్నదట. భోజనవేళ ఈమె వచ్చి కూర్చుండగానే అక్కడి మాటలు ఆగిపోవునట. అందులో ఏదియు తిట్టు కాదు. అన్నియు నవ్వుచు అన్న మాటలే. పైవారికి ఫిర్యాదు చేయుటకు అందులో ఏమియు లేదు.

నాకు కోపము వచ్చినది. ఆ పెద్దామెను గూర్చి నాలుగు మాటలు అనబోయితిని. ఆ పిల్లయే అడ్డుపడినది. "అలా అనకండి మాస్టారూ. రాత్రి పూట నలభై మందికి మేమిద్దరమేనండి. ఆవిడకి పదహారేళ్ళ సర్వీసు. నడుం నిజంగానే పడిపోయిందండి" అన్నది.

ఆ మాట విన్న తరువాత నా కోపము నిలువలేదు. సాధారణ ఆసుపత్రులలో 5గురు రోగులకు ఒక నర్సు ఉండవలెనని భారత నర్సింగు మండలి ప్రమాణము. 40 మందికి ఇద్దరనగా ఒక్కొక్కరి పాలికి 20 మంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వెలువరించిన నివేదికలో లోకమంతటను 2 కోట్ల 79 లక్షల నర్సులు కలరనియు, ఇంకను 59 లక్షల మంది కొరత కలదనియు లెక్క చెప్పినది. ఈ లెక్కలలోని కొరత వార్డులో ఎట్లుండునో ఆ పెద్దామె నడుమును అడుగవలెను. చేయవలసిన పని నిండుగా చేయలేనని ప్రతి రాత్రియు తెలిసియుండుట మనస్సును నలిపివేయును. ఆ నలుగుడు కొంతకాలమునకు వేళాకోళముగా మారును.

ఇది మన దేశమునకే చెందిన జబ్బు కాదు. బడిలో నేర్చిన దానికిని వార్డులో చూచిన దానికిని నడుమనున్న దూరమును తట్టుకొనలేక క్రొత్త నర్సులు వృత్తినే విడిచిపోవుట గూర్చి అమెరికాలో మార్లిన్ క్రేమర్ అను నర్సింగు ఆచార్యురాలు 1974లోనే ఒక గ్రంథము ప్రకటించినది. నర్సులు తమ పిల్లలను తామే తిందురను నానుడి పడమటి దేశములలో ఆ వృత్తివారి నడుమనే వాడుకలో నున్నది. మనము పామును గూర్చి చెప్పు మాటను వారు తమ్ము గూర్చియే చెప్పుకొనిరి. అత్తయు ఒకింటి కోడలే యని మనకు తెలియును. అయినను కోడలికి ఆరళ్ళు తప్పలేదు.

మరి ఈ అమ్మాయికి ఏమి చెప్పవలెను? నవ్వుచుండుము, మంచినే తలచుము, అన్నియు చక్కబడును అని చెప్పుట సులభము. అట్టి మాటలతో రాత్రి మూడు గంటలవేళ ఒక్క రోగియు ప్రక్కకు తిరుగడు. నాకు తెలిసినది భారతకథ గనుక దానినే మరల చెప్పితిని.

శల్యుడు పరిహసించినప్పుడెల్ల కర్ణుడు బదులు చెప్పెను. శల్యుని మాత్రమే కాక, అతని మద్రదేశమును, అచ్చటి స్త్రీపురుషులను కూడ నిందించెను. శత్రువు ఎదుట నిలిచియుండగా వీరిద్దరు ఒక్క రథముపై కలహించుకొనిరి. కర్ణునికి శల్యుని మాటలెంత చేటు చేసెనో, వానికి బదులు చెప్పుటయు అంత చేటు చేసెనని నా యభిప్రాయము. ఇంకొక సంగతి కూడ మనము మరచుచుందుము. అశ్వముల మనసెరిగి తోలుటలో శల్యుడు కృష్ణునకు సాటియగువాడు. దుర్యోధనుడు అతనిని ఏరికోరి అడిగినది ఆ నేర్పు కొరకే. అతని మాట విషమే. కళ్లెము పట్టిన చేయి మాత్రము విషము కాదు.

ఆ పెద్ద సిస్టరు సంగతి అడిగితిని. ఎవరికిని దొరకని నరములో ఆమె మొదటిసారికే సూది ఎక్కించగలదట. రోగి ముఖము చూచియే రక్తపోటు పడిపోవుచున్నదని చెప్పగలదట. ఇవి పుస్తకములలో దొరకవు. "ఆమె చేతిని చూచి నేర్చుకో అమ్మా. ఆమె మాటను వార్డు గుమ్మములోనే విడిచి రా. బదులు మాత్రము చెప్పకు" అంటిని.

1854 నవంబరులో ఫ్లారెన్స్ నైటింగేల్ 38 మంది నర్సులతో టర్కీ దేశమున స్కుటారిలోని సైనిక ఆసుపత్రికి చేరినప్పుడు అచ్చటి వైద్యులు ఆమెను ఆదరింపలేదు. ఆమె వారితో వాదమునకు దిగలేదు. వారు కోరువరకు తన నర్సులను రోగుల జోలికి పోనీయక, గుడ్డలు, కట్లు సిద్ధము చేయించుచు కూర్చుండెను. క్షతగాత్రులు గుంపులు గుంపులుగా వచ్చిపడగా ఆ వైద్యులే పిలిచిరి. ఈమె మనకు పరాయిది కాదు. భారతదేశపు కరవులకు నీటిపారుదలయే మందని కాటన్ దొర వాదించినప్పుడు ఆయన పక్షమున కలము పట్టినది. ధవళేశ్వరము ఆనకట్ట పుణ్యమున పచ్చనైన కోనసీమలో కాటను విగ్రహము లేని తావులు తక్కువ. ఆయన మాటను బలపరచిన ఈ నర్సును మాత్రము మనము మే 12వ తేదీనాడు తప్ప తలచుకొనము. ఆమె వలన నేర్వదగిన దొకటి కలదు. మెప్పు కొరకు ఆగవచ్చును. చేతికందిన పని కొరకు ఆగరాదు. రోగిని త్రిప్పుటకు మా అమ్మాయి ఎవరి పిలుపు కొరకును ఎదురుచూడ నక్కరలేదు.

ఇంత చెప్పి ఆమెను పంపిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పదునైదేండ్ల క్రిందట నేను పనిచేయుచున్న చోట ఒక యువకుడు అధ్యాపకుడుగా చేరెను. పిల్లలచేత వారమునకొక వ్యాసము వ్రాయించి, రాత్రులు కూర్చుండి అన్నియు దిద్దెడివాడు. అధ్యాపకుల గదిలో "ఎన్నాళ్ళు లెండి!" అని మొదట నవ్వినది నేనే. రెండవయేట అతడు వ్యాసములు మానెను. మూడవయేట ఉద్యోగమే మానెను. నా మాట వలననే మానెనని చెప్పజాలను, కాదనియు చెప్పజాలను. ఈనాడు తరచి చూచుకొనగా ఒకటి మాత్రము తెలియుచున్నది. నేను అతనిని చూచి నవ్వలేదు. అతని చేతిలోని కాగితముల కట్టను చూచి, ఒకప్పుడు నేనును అట్లే దిద్దితినని జ్ఞప్తికి వచ్చి, ఆ సిగ్గు కప్పుకొనుటకు నవ్వితిని. క్రొత్తవారిని నిరుత్సాహపరచు పెద్దలలో పలువురు ఇట్టివారే యని నా నమ్మకము. వారు దుర్మార్గులు కారు. తాము పోగొట్టుకొన్నది ఇతరుల చేతిలో కనబడినప్పుడు ఓర్చుకొనలేనివారు.

కావున ధైర్యము క్రొత్తవారు మాత్రమే చిక్కబట్టుకొనవలసిన సరకు కాదు. ఖాళీలు నింపక, ఉత్సాహముగా ఉండుడని ఉపన్యాసము లిప్పించు అధికారులకు ఆ మాట చెప్పు హక్కు లేదు. చేరిన తొలి నెలలలో ప్రతి క్రొత్త నర్సును ఒక అనుభవశాలికి అప్పగించి, ఆ నేర్పుటను కూడ పనిగా లెక్కించి, అందుకు వేళ యియ్యవలెను. పెద్దలకును ఒక మనవి. కర్ణుడు కూలిన మరునాడు సేనాధిపత్యము శల్యునకే వచ్చెను. ఆనాటి మధ్యాహ్నమునకే అతడును కూలెను. క్రొత్తపిల్ల ఉద్యోగము విడిచి పోయినచో ఆమె 20 మంది రోగులును పాతవారి పాలికే వత్తురు.

అమ్మాయి మానలేదు. మొన్న ఫోను చేసినది. దింపు కార్మికుడు వీపున పుండు లేకుండ, చక్రముల కుర్చీలో ఇల్లు చేరెనట. అతడు ఇంటికి పోవుటకు వారము ముందు, ఒక రాత్రి ఈమె అతనిని త్రిప్పుచుండగా, పెద్ద సిస్టరు లేచివచ్చి దుప్పటి రెండవ కొస పట్టుకొన్నదట. ఏమన్నదని అడిగితిని.

"ఏమీ అన్లేదండి. నడుం వంచి లాగకు, మోకాళ్ళు వంచు, లేకపోతే నాలాగే పడిపోద్ది అన్నారండి."

ఆ యువకుని చిరునామా సంపాదించితిని. ఉత్తరము ఇంకను వ్రాయవలసియున్నది.