అర మార్కు ఎందుకు తగ్గించాను?

పిల్లలూ! తిరుమలగిరిలోని మా బడిలో తొమ్మిదో తరగతి వారికి ఒక ప్రశ్న ఇచ్చాను. ఆకాశవాణి హైదరాబాద్ ఎఫ్.ఎం. రెయిన్‌బో ప్రసార పౌనఃపున్యం ఎంత? ఒక విద్యార్థి 101.9 అని రాసి ఊరుకున్నాడు. అర మార్కు తగ్గించాను. "అందరూ అంతే అంటారు కదా సార్! అర్థమవుతూనే ఉంది కదా!" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. నా జవాబు మీరూ వినండి.

తరంగం సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో అదే దాని పౌనఃపున్యం. సెకనుకు ఒక కంపనమైతే ఒక హెర్ట్జ్. వెయ్యి హెర్ట్జ్‌లు ఒక కిలోహెర్ట్జ్, పది లక్షల హెర్ట్జ్‌లు ఒక మెగాహెర్ట్జ్. 101.9 మెగాహెర్ట్జ్ అంటే సెకనుకు 10 కోట్ల 19 లక్షల కంపనాలు! ప్రమాణం వదిలేస్తే మిగిలేది నూటరెండు కంటే తక్కువే.

ఇంట్లో పెద్దలను అడిగి చూడండి. హైదరాబాద్ 'ఎ' కేంద్రం మీడియం వేవ్ అంకె 738 అని గుర్తు చేసుకుంటారు. 738 పెద్దదా, 101.9 పెద్దదా? తొందరపడకండి. 738 కిలోహెర్ట్జ్‌లలో చెప్పినది. మెగాహెర్ట్జ్‌లలోకి మారిస్తే 0.738 మాత్రమే!

పూర్వం అనౌన్సర్లు కిలోహెర్ట్జ్‌లతోపాటు మీటర్లు కూడా చెప్పేవారు. అది తరంగదైర్ఘ్యం. రేడియో తరంగం సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఆ వేగాన్ని పౌనఃపున్యంతో భాగించండి. 738 కిలోహెర్ట్జ్‌ల తరంగం పొడవు సుమారు 406.5 మీటర్లు. ఎఫ్.ఎం. రెయిన్‌బో తరంగం పొడవు 3 మీటర్లు కూడా లేదు. పొడవైన మీడియం వేవ్ తరంగం నేలను అంటిపెట్టుకుని దూరపు పల్లెలకు చేరుతుంది. ఎఫ్.ఎం. తరంగం దాదాపు తిన్నగా పోతుంది కనుక అంత దూరం అందదు. ఇంత సంగతి ప్రమాణంలోనే దాగి ఉంది.

హెర్ట్జ్ అన్నది ఒక మనిషి పేరు. జర్మనీకి చెందిన హైన్రిచ్ హెర్ట్జ్ 1886-88 మధ్య చేసిన ప్రయోగాలతో విద్యుదయస్కాంత తరంగాలు ఉన్నాయని రుజువు చేశాడు. 1894లో, 36 ఏళ్లకే కన్నుమూశాడు. ప్రమాణం మింగేస్తే ఆయన పేరునూ మింగేసినట్టే.

తప్పు మీ ఒక్కరిదే కాదు. ప్రమాణాలను పట్టిక వేసి బట్టీ పట్టించే మా ఉపాధ్యాయులదీ ఉంది. తరగతికి ఒక రేడియో తెచ్చి ఈ లెక్కలు చేయిస్తే ఏ పిల్లవాడూ మరచిపోడని నా నమ్మకం.

హైదరాబాద్ వివిధ భారతి 102.8 మెగాహెర్ట్జ్‌లపై వస్తుంది. దాని తరంగదైర్ఘ్యం ఎంతో మీరే కట్టి చూడండి. జవాబు పక్కన 'మీటర్లు' అని రాయకపోతే మాత్రం అర మార్కు పోయినట్టే!