కార్డు గడువు తీరిందట, మరి డోలీకి ఎదురెళ్లేదెవరు?

మా పెదనాన్న కొడుకు అంబులెన్సులో ఈఎంటీ. ఆరేళ్లుగా మన ఏజెన్సీ ఘాట్ రోడ్ల మీద రాత్రనక పగలనక తిరుగుతున్నాడు. ఏ సర్వీసు, ఏ కంపెనీ అన్నది రాయను. రాస్తే ఉన్న ఆ ఉద్యోగం కూడా పోతుంది. మొన్న సంత రోజున కలిసినప్పుడు జేబులోంచి నలిగిపోయిన ప్రింటు ఒకటి తీసి చూపించాడు. బేసిక్ లైఫ్ సపోర్ట్ కార్డు. అది రెండేళ్లే చెల్లుతుంది. గడువు దాటి పదకొండు రోజులైంది.

"రెన్యువల్ చేయించుకొచ్చేదాకా బండెక్కొద్దన్నారు తమ్మీ. ఏటి చేస్తాం" అన్నాడు.

ఏటి చేస్తాం అన్న ఆ మాట దగ్గరే నాకు మండింది. అందుకే రాస్తున్నాను.

ముందు ఒకటి తేల్చుకుందాం. ఈ పోస్టు చదివి "అవును, ఆదివాసులకి ఈ రెన్యువల్ రూలే వద్దు, మినహాయింపు ఇవ్వాలి" అని కామెంటు పెట్టేవాళ్లు ఉంటారు. నేను ఆ మాట అననుగాక అనను. గుండె ఆగిన మనిషి ఛాతీని నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతున నొక్కాలి. ముప్పై నొక్కులకి రెండు ఊపిరులు. చదివితే ఇంతే. చేతికి అలవాటు తప్పితే కొన్ని నెలల్లోనే మరిచిపోతాం. పైగా పద్ధతులు మారుతుంటాయి. 2010కి ముందు నేర్చుకున్నవాళ్లు మొదట శ్వాసమార్గం, తర్వాత ఊపిరి, ఆ తర్వాతే ఛాతీ అనుకునేవాళ్లు. 2010లో ఆ వరుస మార్చి ముందు ఛాతీ నొక్కమన్నారు. పాత పద్ధతి పట్టుకుని కూర్చున్న ఈఎంటీ మీ అమ్మ పక్కన కూర్చుంటే మీకిష్టమేనా? నాకు కాదు. పట్నంవాడికి పరీక్ష పాసైన మనిషి, కొండమీదవాడికి పాసవ్వకపోయినా పర్లేదు అంటే అది మనకిచ్చే గౌరవం కాదు, మన ప్రాణానికి కట్టే తక్కువ రేటు.

కాబట్టి పరీక్ష ఉండాలి. నా గొడవంతా ఆ పరీక్ష ఎక్కడ, ఎవరి ఖర్చుతో, ఏ భాషలో అన్న దాని మీద.

అన్న లెక్క చెప్తాను వినండి. క్లాసు విశాఖపట్నంలో. పాడేరు నుంచే వంద కిలోమీటర్లు దాటుతుంది. అన్న ఉండే ఊరి నుంచి పాడేరు రావడానికే సగం పూట పోతుంది. క్లాసు పొద్దున్నే మొదలు కాబట్టి ముందు రోజే దిగాలి. రాత్రి పడక ఎక్కడ? ఎవరో తెలిసినవాళ్ల గది నేల మీద. క్లాసు ఫీజు అతనిదే, బస్సు చార్జీ అతనిదే, తిండి అతనిదే, పోయిన మూడు డ్యూటీల జీతం కోత కూడా అతనిదే. దానికి ముందు ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. ఓటీపీ రావాలంటే సిగ్నల్ ఉండాలి, సిగ్నల్ కావాలంటే కొండెక్కాలి. అన్న కొండెక్కేసరికి ఓటీపీ టైమైపోయింది. నవ్వొస్తుంది కదా. మూడుసార్లు ఎక్కాడు. నాలుగోసారి డ్యూటీ పడింది. ఆ వారం సీట్లు అయిపోయాయి. అతని కార్డు గడువు తీరింది ఇలా, బద్ధకం వల్ల కాదు.

కంపెనీ ఏమందంటే, "సర్టిఫికెట్ నీ పేరు మీద ఉంది, నీ సొంతం, నువ్వే చూసుకో." బాగుంది. బండి టైరు అరిగితే డ్రైవర్ జీతంలోంచి కొంటారా? ఆక్సిజన్ సిలిండర్ నింపడానికి ఈఎంటీ చందా వేసుకుంటాడా? మరి ఆ బండిలో పని చేసే చేతులకి సాన పెట్టడానికి మాత్రం ఆ చేతులే డబ్బు కట్టాలా? అంబులెన్సులో శిక్షణ ఉన్న మనిషి ఉన్నాడని చూపించే ప్రభుత్వం దగ్గర బిల్లు తీసుకుంటున్నారు. ఆ శిక్షణ ఖర్చు ఆ బిల్లులోంచే రావాలి.

ఇంకో దారి ఉంది, అది మీక్కూడా తెలుసు. ఫోన్‌పే కొడితే కార్డు వాట్సాప్‌లో వస్తుంది. క్లాసు లేదు, బొమ్మ మీద ఛాతీ నొక్కడం లేదు. అన్నకి కూడా ఒకడు ఆ దారి చూపించాడు. ఒద్దన్నాడు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీకు గట్టిగా చెప్తున్నాను: ఆ కార్డు కొన్నవాడు నా చుట్టమైనా సరే, ఈ ఉద్యమం అతని పక్కన నిలబడకూడదు. రేపు ఘాట్ మలుపులో బిడ్డ ఊపిరి ఆగితే ఆ వాట్సాప్ కార్డు ఏం చేస్తుంది?

"పోనీ అతను కాకపోతే ఇంకొకరిని వేస్తారు, రోగికి తేడా ఏముంది" అనేవాళ్లకి ఒక రాత్రి సంగతి. కోందు గూడెం నుంచి ఒక బాలింతని డోలీలో మోసుకొచ్చారు. కాన్పు ఇంట్లోనే అయింది, రక్తం ఆగడం లేదు. బండి ఆగిన చోటు దాకా డోలీ రావాలంటే గంట పైన పడుతుందని అన్న ఎదురు నడిచాడు. ఆ తల్లికి తెలుగు రాదు. ఎప్పుడు కాన్పైంది, మాయ పడిందా లేదా, ఎన్ని గుడ్డలు తడిసాయి, అన్నీ కువిలో అడిగాడు. ఆమె కువిలోనే చెప్పింది. ఆ మూడు ప్రశ్నలకి జవాబు దొరకబట్టే ఆసుపత్రికి ముందే ఫోన్ చేసి సంగతి చెప్పగలిగాడు. ఆమె బతికింది. అతని స్థానంలో మైదానం నుంచి వచ్చిన మనిషి మంచివాడే కావచ్చు, చదువులో ఫస్టే కావచ్చు. ఆమెని ఏ భాషలో అడిగేవాడు?

షెడ్యూల్డ్ ప్రాంతంలో టీచర్ పోస్టులు స్థానిక ఆదివాసులకే అన్న జీవో నంబర్ 3ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అప్పుడు రోడ్డెక్కాం, బంద్‌లు చేశాం. కోర్టు తీర్పుతో పోయినదాన్ని గుర్తుపట్టాం. గడువు తేదీతో, ఓటీపీతో, బస్సు చార్జీతో ఒక్కొక్కటిగా జారిపోతున్నదాన్ని మాత్రం ఎవరూ లెక్కపెట్టడం లేదు.

ఇది ఒక్క కార్డుతో ఆగే సంగతి కూడా కాదు. 2021లో పార్లమెంటు అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం చేసింది. దాని షెడ్యూల్‌లో ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజిస్టు కూడా ఉన్నాడు. ఈ వృత్తులవాళ్లకి రాష్ట్రంలో, కేంద్రంలో రిజిస్టర్లు ఉండాలంటుంది ఆ చట్టం. మంచిదే, దొంగ డిప్లొమాలకి అడ్డుకట్ట పడుతుంది. కానీ ముందు ముందు కాగితాలు పెరుగుతాయి తప్ప తగ్గవు. ఇప్పుడే అడగకపోతే ప్రతి కాగితానికీ అన్న మళ్లీ కొండెక్కాల్సిందే.

మరి క్లాసు ఇక్కడ పెట్టడం అంత కష్టమా? పాడేరులో ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. మెడికల్ కాలేజీ అంటే స్కిల్ ల్యాబ్ ఉండి తీరాలని జాతీయ వైద్య కమిషన్ నిబంధన. స్కిల్ ల్యాబ్ అంటే సీపీఆర్ నేర్పే బొమ్మలు. ఐటీడీఏకి యువతకి శిక్షణ ఇచ్చే భవనాలున్నాయి. ఇన్‌స్ట్రక్టర్లు ఇద్దరు ముగ్గురు కొండెక్కితే చాలు, అంతమంది ఈఎంటీలు కొండ దిగక్కర్లేదు. ఆ మూడు రోజులూ డ్యూటీ కిందే రాయాలి, జీతం కోయకూడదు. ఫీజు కంపెనీ కట్టాలి. ప్రశ్నలు తెలుగులో ఉండాలి. అన్నకి ఇచ్చిన పేపరు ఇంగ్లీషులో ఉంది. అతనికి ఛాతీ నొక్కడం వచ్చో రాదో చూడకుండా ఇంగ్లీషు వచ్చో రాదో చూస్తే ఆ పరీక్ష దేనికి?

ఇక నేర్పేవాటి సంగతి. గుండెపోటు నేర్పండి, తప్పకుండా నేర్పండి. దాంతోపాటు పాము కాటు నేర్పండి. మన ఊళ్లలో ఇప్పటికీ కాటు పైన తాడు బిగించి తీసుకొస్తున్నారు. కాలు కదలకుండా కట్టుకట్టి త్వరగా ఆసుపత్రికి చేర్చాలన్నది ఈఎంటీ నోటి నుంచి గూడేనికి చేరాలి. సికిల్ సెల్ నొప్పితో మెలికలు తిరిగే పిల్లాడిని ఎలా చూడాలో నేర్పండి. సికిల్ సెల్ నిర్మూలన అని 2023 జూలైలో కేంద్రం మిషన్ ప్రారంభించింది, ఆ పిల్లాడు మొదట ఎక్కేది ఈ బండే కదా. మలేరియా ఫిట్స్, కాన్పు తర్వాత ఆగని రక్తం, డోలీలోంచి స్ట్రెచర్ మీదకి నడుము విరిగిన మనిషిని మార్చడం. ఈ ఆఖరిది ఏ విశాఖ క్లాసులోనూ చెప్పరు. అది అన్నే వాళ్లకి చెప్పగలడు.

ఇప్పుడు మీరు చేయాల్సింది. ఈఎంటీలైతే, నర్సులైతే, ల్యాబ్ టెక్నీషియన్లైతే ఈ రాత్రే కార్డు తీసి చివరి తేదీ చూడండి. ఆరు నెలల్లోపు ఉంటే ఇప్పుడే కదలండి, ఆఖరి వారం దాకా ఆగొద్దు. కార్డు జిరాక్సు, ఫీజు రశీదు, బస్సు టికెట్లు, జీతం కోసిన నెల స్లిప్పు దాచండి. సిగ్నల్ లేక ఫారం నింపలేనివాళ్లుంటే డిగ్రీ చదివే తమ్ముడో చెల్లెలో పక్కన కూర్చోండి, అది మన పని. మీ మండలంలో ఎందరి కార్డులు ఎప్పుడు తీరుతున్నాయో ఒక కాగితం మీద రాయండి. వచ్చే గ్రీవెన్స్ రోజున ఐటీడీఏ ఆఫీసుకి ఆ కాగితాలు పట్టుకుని వెళ్తున్నాం. అన్న వస్తానన్నాడు, బండి ఎక్కనివ్వడం లేదు కాబట్టి అతనికి ఆ రోజు ఖాళీయే.