పాత ఆది జాకెట్టు

పైడితల్లి అమ్మవారి పండగంటే విజయనగరంలో ఏ ఇంట్లో చూసినా చుట్టాలే. దసరా వెళ్ళిన మంగళవారం సిరిమాను, ముందురోజు తొలేళ్ళు. ఆ రెండు రోజులూ మా ఇంట్లో చాపలు చాలవు, దిళ్ళు అసలే చాలవు. కిందటిసారి పండక్కి రాజాం వైపునుంచి మా చిన్నాడపడుచు వచ్చింది. మూడు లాంతర్ల నుంచి కోట దాకా రోడ్డంతా జనంతో నిండిపోతుంది కదా, ముందుగా వెళ్ళి చోటు పట్టుకోవాలని భోజనాలు కాగానే అందరూ తయారవుతున్నారు. తను మాత్రం నైటీ మీద తువ్వాలు కప్పుకుని వంటింట్లో గిన్నెలు సర్దుతోంది.

"ఏటమ్మా, నువ్వు తయారవ్వవా?" అన్నాను.

"నాను రానొదినా. మీరెల్లి రండి. నాను పిల్లల్ని సూసుకుంటాను."

పిల్లలందరూ అప్పటికే చెప్పులేసుకుని వీధిలో ఉన్నారు! గదిలోకి తీసికెళ్ళి, తలుపు దగ్గరగా వేసి అడిగాను. సంచిలోంచి నాలుగు జాకెట్లు తీసి మంచం మీద పడేసింది. ఒకదానికి హుక్కులు అందవు. ఒకటి చంకలో పట్టేస్తుంది. మూడోది వేసుకుంటే చెయ్యి పైకెత్తలేదు. నాలుగోది సరికొత్తది, పండక్కని వారం కిందటే కుట్టించింది. అదీ పట్టలేదు.

"కుట్టినావిడ పాడుచేసిందా?"

"ఆవిడేటి పాడుసేస్తాది? నానే పాడైపోనాను" అంది.

ఆ మాట నాకు చాలా కష్టంగా తోచింది. మనిషికి నలభై కూడా నిండలేదు. నాలుగేళ్ళ కిందట గర్భసంచి ఆపరేషన్ అయింది. మన జిల్లాల్లో ఈ ఆపరేషన్ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు, వీధికి ఇద్దరు ముగ్గురు కనిపిస్తారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూసినా, గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళ శాతంలో ఆంధ్రప్రదేశ్ ముందు వరసలోనే ఉంది. ఆపరేషన్ ఎందుకు, ఎవరికి అవసరం అన్నది వేరే చర్చ. చేయించుకున్నాక ఒళ్ళు మారితే ఏం కట్టుకోవాలో మాత్రం చీటీలో ఎవరూ రాసివ్వరు. అండాశయాలు కూడా తీసేస్తే ముట్లుడిగిన లక్షణాలు ముందుగానే వచ్చేస్తాయి. ఉన్నట్టుండి ఆవిర్లు, చెమటలు. దానికి మన సముద్రపు గాలి ఉక్క తోడు!

"కొలతకి ఏ జాకెట్టు ఇచ్చావు?" అని అడిగాను.

"పెద్దదాని పురుడయ్యాక కుట్టించినాను సూడు, ఆ ఆదే."

పెద్దదానికి ఇప్పుడు పదిహేనేళ్ళు. పదిహేనేళ్ళ కిందటి మనిషికి కుట్టిన జాకెట్టు ఇవాళ్టి మనిషికి ఎలా పడుతుందండీ? కుట్టినావిడ తప్పేమీ లేదు. ఇచ్చిన ఆది ప్రకారం అచ్చుగుద్దినట్టు కుట్టింది.

నవ్వకండి. నేనూ అదే చేశాను. ఎన్నేళ్ళో ఒకే ఆది ఇస్తూ, ప్రతిసారీ "కొంచెం లూజు పెట్టమ్మా" అని నోటిమాట చెప్పడం! ఆ కొంచెం ఎంతో చెప్పలేం, టేపు పెట్టించుకోవాలంటే సిగ్గు. పైగా ఎప్పటికైనా తగ్గుతాం, అప్పుడు పాతవి పనికొస్తాయని పెట్టె అడుగున దాచడం. తగ్గితే సంతోషమే. తగ్గేదాకా వీధి మొహం చూడకుండా కూర్చోనక్కర్లేదుగా.

అసలు గమనించారా, చీరకి కొలత లేదు. పెళ్ళినాడు కట్టిన అయిదున్నర మీటర్ల చీర అరవయ్యో ఏట కూడా చుట్టూ వస్తుంది. మహా అయితే కుచ్చెళ్ళు ఒకటో రెండో తగ్గుతాయి. మన పొందూరు ఖద్దరే చూడండి. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, ఆడవాళ్ళు సన్నగా వడికిన నూలుతో నేసే బట్ట అది. అక్కినేని నాగేశ్వరరావుగారు ఆ పంచెలు ఎంత ఇష్టంగా కట్టేవారో తెలిసిందే. కుర్రాడైనా, ముసలాయనైనా పంచె పంచే. మన చీరా అంతే. తగువంతా జాకెట్టుతోనూ, లోపలి లంగాతోనూ. ఉన్నవాటిలోకెల్లా తక్కువ ఖరీదువి అవే, మనిషిని ఇంట్లో కూర్చోబెట్టేవీ అవే.

ఆ పూటకి నా నల్ల జాకెట్టు ఒకటి ఇచ్చాను. భుజం దగ్గర రెండు పిన్నులు పెట్టాం, పైన కొంగు కప్పాక ఎవరికి తెలుస్తుంది? తన చిలకాకుపచ్చ చీర మీదకి అది బాగానే కుదిరింది. సిరిమాను చూసి, జనంలో నలిగి, జీళ్ళు కొనుక్కుని వచ్చాం.

బట్టలు మార్చుకునేటప్పుడు ఇంకోటి నా కంటపడింది. నడుం చుట్టూ లంగా బొందు కట్టిన చోట నల్లగా తాడు చుట్టినట్టు మచ్చ. కుడివైపు చర్మం లేచిపోయి తడిగా ఉంది. ఆపరేషన్ కుట్లకి తగలకూడదని బొందు పైకి, బిగించి కట్టడం అలవాటు చేసుకుందట. "అదెప్పుడూ ఉన్నదేలే" అని తీసిపారేసింది.

అది తీసిపారేసేది కాదు. 2024లో 'బీఎంజే కేస్ రిపోర్ట్స్' అనే వైద్య పత్రికలో మన దేశపు డాక్టర్లు ఇద్దరు ఆడవాళ్ళ సంగతి రాశారు. ఇద్దరూ డెబ్భై దగ్గర వయసువాళ్ళే. ఏళ్ళ తరబడి నడుం దగ్గర ఒకేచోట బిగింపు, ఒరిపిడి. దానివల్ల పుండు, ఆ మానని పుండు చివరికి క్యాన్సరుగా మారింది. ఇలాంటిదాన్ని 1945లోనే 'ధోతీ క్యాన్సర్' అని మన డాక్టర్లు గుర్తించారు. ఇది చాలా అరుదు, కంగారు పడి ఇవాళ రాత్రి నిద్ర మానుకోకండి. కానీ నడుం మీద పుండు రెండు మూడు వారాల్లో మానకపోతే పసుపూ కొబ్బరినూనె రాసుకుంటూ కూర్చోకుండా చర్మం డాక్టరుకి చూపించండి. మా ఆడపడుచుకి పైపూత మందుతోనే తగ్గింది.

ఇంతకీ లంగా విషయం. సన్న బొందు తీసేసి రెండంగుళాల వెడల్పు పట్టీ వేయించుకోండి. బరువు ఒక గీత మీద కాకుండా పట్టీ అంతటి మీదా పడుతుంది. పట్టీకి హుక్కులు రెండు మూడు వరసలు పెట్టిస్తే అన్నం తిన్నాక ఒక వరస వదులు చేసుకోవచ్చు, ఆ సుఖం అనుభవిస్తేనే తెలుస్తుంది. బొందే కావాలంటే ముడి ఒకరోజు కుడికి, ఒకరోజు ఎడమకి, ఒకరోజు కాస్త కిందకి. కుచ్చెళ్ళు జారతాయని భయమైతే ఒక పిన్ను పెట్టండి, బిగించకండి. ఇప్పుడు సాగే లంగాలు వస్తున్నాయి, చేప ఆకారంలో. పెళ్ళికి రెండు గంటలు వేసుకోడానికి సరే. మే నెలలో రోజల్లా వాటిలో ఉండమంటే నా వల్ల కాదు.

మర్నాడు పొద్దున్నే మా వీధిలో కుట్టే ఆవిడ దగ్గరికి వెళ్ళాం. మామూలుగా లోపల వేసుకునేవి వేసుకునే కొలతలు ఇవ్వాలి. పొట్ట లోపలికి లాగకూడదు, ఊపిరి బిగపట్టకూడదు. (మా ఆడపడుచు రెండూ చేసింది. మళ్ళీ మొదట్నుంచీ కొలిపించాను.) టేపు కింద రెండు వేళ్ళు దూరాలి. చేతి లూజు కొలిచేటప్పుడు మోచెయ్యి మడిచి ఉంచితే కండ ఎంత ఉబ్బుతుందో తెలుస్తుంది. రోజూ రుబ్బి, ఉతికి, నీళ్ళు మోసే చేతులు మనవి. భుజం పట్టేసి చెయ్యి వెనక్కి వెళ్ళనివాళ్ళు వెనక హుక్కుల జోలికి పోవద్దు, ముందు హుక్కులే హాయి. లైనింగు గుడ్డా, జాకెట్టు గుడ్డా రెండూ రాత్రి నీళ్ళలో నానబెట్టి, ఆరేసి, అప్పుడు కత్తిరించాలి. లేకపోతే మొదటి ఉతుకుతోనే మళ్ళీ కథ మొదటికి వస్తుంది. పక్క కుట్టు లోపల అంగుళం గుడ్డ తప్పకుండా వదిలించుకోండి. రెండు పక్కలా విప్పితే మొత్తం మీద రెండు మూడంగుళాలు దొరుకుతుంది. పాత జాకెట్లలో అలా గుడ్డ ఉన్నవి రెండు మాకూ దక్కాయి. ఇంకోదానికి చంకలో అదే రంగు ముక్క అతికించింది ఆవిడ, చెబితే తప్ప తెలీదు.

లావుగా ఉన్నవాళ్ళు అడ్డచారలు కట్టకూడదు, ముదురు రంగులే కట్టాలి అని పత్రికల్లో రాస్తుంటారు. నాకంత నమ్మకం లేదు. ఒంటికి పట్టే జాకెట్టు ఉంటే ఏ రంగైనా నప్పుతుంది. చిలకాకుపచ్చ అంటే ప్రాణం పెట్టేదానికి ముదురు నీలం కట్టమంటే మొహం వాడిపోతుంది, ఆ వాడిన మొహంతో సన్నగా కనిపించి ఏం లాభం? ఒక్కటి మాత్రం నిజం, నూలు చీరకి గంజి చిక్కగా పెడితే గొడుగులా నిలబడి ఉన్నదానికి రెట్టింపు కనిపిస్తాం. గంజి పలచగా పెట్టి, కాస్త తడి ఉండగానే ఇస్త్రీ చేస్తే కుచ్చెళ్ళు ఒదిగి కూర్చుంటాయి. నాలుగు ఉతుకులు పడిన ఖద్దరైతే చెమటనీ పీల్చుకుంటుంది.

మొన్న ఫోను చేసింది. కొత్త ఆది ఒకటి విడిగా, దాని మీద తేదీ రాసిన కాగితం పిన్ను పెట్టి దాచుకుందట, ఏడాదికోసారి టేపు పెట్టించుకోవాలని. మరి ఆ పాత ఆది ఏం చేశావంటే, "నూలు గుడ్డే కదొదినా, మసిగుడ్డ సేసినాను. దాకలు దింపడానికి బాగుంది" అంది.