‘నెట్టు రాలేదు’ అన్నచో చాలునా?

ఇంటి కంప్యూటరునకు కేబులు ద్వారా వచ్చు ఇంటర్నెట్టు ఆగినపుడు మన పిల్లల నోట వెలువడు మాట ఒక్కటే: ‘నెట్టు రాలేదు.’ పెద్దల మాటయు నదియే. రోగి వైద్యుని యెదుట ‘ఒంట్లో బాగులేదు’ అని యూరకున్నచో ఆయన యేమి చేయును? తోచిన మందిచ్చును. మన యిండ్లలో జరుగుచున్నదియు నట్లే యున్నది.

మాలో నొకరి యింట జరిగిన సంగతి చెప్పెదము. విద్యార్థి వేతనమునకు దరఖాస్తు పంపవలసిన వారముననే నెట్టు ఆగినది. రౌటరు చెడినదని తలచి క్రొత్తది కొనిరి, ఫలము లేదు. పిదప మరమ్మతు చేయు నతడు వచ్చి విండోసునంతయు తుడిచి మరల నెక్కించెను. పిల్లవాడు ఏడాదిపాటు వ్రాసికొన్న పాఠములన్నియు దానితో పోయినవి. గడువు దాటినది. తుదకు చూడగా కేబులు తలుపు సందున నలిగి తెగియున్నది! దోషము తీగది, దండన పాఠములకు.

ఇందు ఎవరిని నిందింపవలెను? వంగి చూడని మనలనే యని మా యభిప్రాయము. కేబులు దూర్చు చోట సాధారణముగా చిన్న దీపము లుండును. అవి వెలుగనిచో మొట్టమొదట అనుమానింపవలసినది తీగనే. కొస ‘టక్కు’మని కూర్చున్నదా? దాని చిన్న కొక్కెము విరిగినదా? రౌటరులో వేరొక రంధ్రమున పెట్టి చూడవలెను. పిమ్మట వేరొక కేబులుతో చూడవలెను. ఒకమారు ఒక్కదానినే మార్చవలెను. రెండు కలిపి మార్చిన వానికి ఏది దోషమో ఎన్నటికిని తెలియదు.

కేబులులో 8 సన్నని తీగలు 4 జంటలుగా మెలివేయబడి యుండును. సెకనుకు 100 మెగాబిట్ల వేగమునకు 2 జంటలు చాలును. 1000 మెగాబిట్లకు నాలుగును కావలెను. కావున తీగ సగము చచ్చి సగము బ్రదికియు నుండవచ్చును. 1000 చూపవలసిన చోట 100 మాత్రమే చూపుచున్నచో, కంపెనీని తిట్టుటకు ముందు కేబులును తడిమి చూచుట మేలు.

దీపము వెలుగుచున్నను నెట్టు లేకున్నచో, కమాండ్ ప్రాంప్టులో ‘ఐపీకాన్ఫిగ్’ అని కొట్టి, కంప్యూటరునకు వచ్చిన అడ్రసు సంఖ్యను చూడవలెను. అది 169.254 తో మొదలైనచో, రౌటరు నడిగినను బదులు రాక కంప్యూటరు తానే యొక సంఖ్య పెట్టుకొన్న దని యర్థము. సంఖ్య సరిగానే యున్నచో ‘పింగు’ చేయవలెను. 1983లో మైక్ మూస్ అను అమెరికా దేశీయుడు వ్రాసిన చిన్న సాధన మిది. బావిలో కేకవేసి ప్రతిధ్వనికై చెవియొగ్గుట వంటిది. మొదట రౌటరును పిలువవలెను. దాని సంఖ్య ‘డిఫాల్ట్ గేట్‌వే’ అను వరుసలో నుండును. అది పలికి, బయటనున్న 8.8.8.8 పలుకనిచో చిక్కు సాధారణముగా ఇంటి బయటనే యున్నది. ఆ సంఖ్యయు పలికి, వెబ్‌సైటుల పేర్లు మాత్రము పలుకనిచో, పేర్లకు సంఖ్యలు చెప్పు డి.ఎన్.ఎస్. అను ఏర్పాటు చెడినది.

‘చేతిలో ఫోనుండగా ఈ తీగల గొడవ యేల?’ అని కొంద రందురు. ఇంటి వైఫైయు ఆ రౌటరునుండియే వచ్చును గదా! అడ్రసు, పింగు అక్కడను ఇవియే.

మావంటి యూళ్ల పిల్లలకు మరియొక యిబ్బంది గలదు. కంపెనీకి ఫోను చేసినచో అవతలివారు తమిళములోనో ఆంగ్లములోనో పలుకుదురు. ఇంట తెలుగే యెరిగిన బాలుడు తడబడి ‘నో నెట్’ అని ఫోను పెట్టివేయును. ‘దీపము వెలుగుచున్నది, రౌటరు పలుకుచున్నది, 8.8.8.8 పలుకుటలేదు’ అని తెలుగులో ముందుగా నిర్ణయించుకొన్న వానికి ఆ మూడు ముక్కలు ఏ భాషలో చెప్పుటయైనను కష్టము కాదు. అతడు తడబడుట భాష చాలక కాదు, చెప్పదగిన సంగతి చేత లేక.

కావున కంప్యూటరు తరగతిలో ఏడాదికి ఒక్క గంట దీనికి కేటాయింపుడని ఉపాధ్యాయులను కోరుచున్నాము. పిల్లలు వచ్చుటకు ముందే గురువుగారు ఒక కేబులును కొంచెము వదులు చేసి, మరియొక కంప్యూటరులో డి.ఎన్.ఎస్. సంఖ్యను తప్పుగా వ్రాసి యుంచవలెను. ఏది యెట్లు చెడినదో పిల్లలే వెదకి, తెలుగులో నాలుగు పంక్తులు వ్రాసి చూపవలెను. ఆ గంట ముగియువరకు కొత్త సామాను కొనుమనుట నిషేధము!