థండర్‌బర్డ్: నామ్ ఒకటే, సూరత్‌లు ఎన్నో

ఫోర్డ్ థండర్‌బర్డ్ అనగానే కార్ల షౌకీన్లు 1955 మోడల్‌నే తలుచుకుని ఆహ్ అంటారు. రెండే సీట్లు, వీ8 ఇంజన్, నాజూకైన ఒళ్లు. ఖూబ్‌సూరత్ బండే, ఇన్కార్ లేదు. కానీ తొలి ఏడాది అమ్ముడైనవి 16 వేల పైచిలుకే.

కంపెనీలో హిసాబ్ పక్కాగా చూసే రాబర్ట్ మెక్‌నమారా (అవును జనాబ్, తర్వాత వియత్నాం జంగ్ నడిపించిన ఆయనే) వెనక ఇంకో రెండు సీట్లు ఉండాల్సిందే అన్నాడు. 1958లో అలాగే వచ్చింది. నజాకత్ ఖతం అని పాత ఆషిక్‌లు ఇప్పటికీ మాతం చేస్తుంటారు. 1960లో మాత్రం 90 వేలు దాటి అమ్ముడైంది. నా మట్టుకు ఆ ఫైసలా సహీ. ఇంటిల్లిపాదికీ కాదు, రేసుకీ కాదు, పొడుగు బానెట్‌తో మెత్తటి సీట్లతో మనిషి తన షాన్ కోసం కొనుక్కునే బండి అనే ఖయాల్ దానితోనే జనంలోకి వెళ్లింది.

ఖరాబైంది తర్వాత. 1967లో నాలుగు డోర్లదీ తెచ్చారు. 1972లో లింకన్ మార్క్ 4తో ఢాంచా పంచుకుని ఏనుగంత అయింది. 1977లో ధర బాగా దించితే ఒక్క ఏడాదిలో 3 లక్షలకు పైగా పోయాయి. గల్లీకొకటి కనిపించే చీజ్‌కి ఇక రుబాబు ఎక్కడిది? 1983లో గుండ్రటి ఒళ్లుతో కాస్త ఇజ్జత్ తిరిగొచ్చినా, 1997లో ఆపేశారు.

2002లో మళ్లీ రెండు సీట్లు, 1955 సూరత్‌కి నకలు. ఆషిక్‌లు అడిగిందే కదా! 2005లో అదీ బంద్.