జవాబుదారీతనాన్ని వేలం వేయనీయరాదు



కేంద్రపాలిత ప్రాంతాలలో విద్యుత్ పంపిణీని ప్రైవేటుపరం చేస్తామని 2020 మే నెలలో కేంద్ర ప్రభుత్వం ప్రకటించినది. 2022 సెప్టెంబరులో టెండరు వెలువడగానే పుదుచ్చేరి విద్యుత్ ఉద్యోగులు నిరవధిక సమ్మెకు దిగారు.

ప్రైవేటు వస్తే సేవలు మెరుగుపడునని పాలకుల వాదన. ఢిల్లీలో 2002లోనే వచ్చినది. ఆ కంపెనీల లెక్కలను కాగ్ తనిఖీ చేయాలన్న ఢిల్లీ ప్రభుత్వ ఉత్తర్వును 2015లో హైకోర్టు కొట్టివేసినది. ప్రభుత్వ శాఖ లెక్కలనైతే కాగ్ పరిశీలించును, శాసనసభ నిలదీయును.

అయితే కనెక్షనుకు లంచమడిగే ఉద్యోగికి సంఘం గొడుగు పట్టరాదు. ప్రజల విశ్వాసాన్ని పోగొట్టి, అమ్మేవారికి సాకు అందించేది అతడే.

రైల్వే, తపాలా సోదరులారా! అక్కడ విద్యుత్తు, రేపు మన కౌంటరు. ప్రభుత్వాన్ని లెక్క అడుగుదాం. ప్రజలకు మన లెక్క చెబుదాం!